మొలల వైద్యం: ఎంతమందికి చెప్పాలన్నదే లెక్క

గత నెలలో అమలాపురం దగ్గర ఒక పల్లెకు బంధువుల పెళ్ళికి వెళ్ళాను. రెండో పంక్తిలో మాకు ఎదురుగా, నాకు వరసకు బాబాయి అయ్యే సర్జన్ ఒకాయన కూర్చున్నారు. మాట ఎక్కడినుంచో ఎక్కడికో పోయి జబ్బులమీదికి వచ్చింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "గుండెల్లో కాస్త మంట పుడితే చాలు, కారు మాట్లాడుకుని హైదరాబాదు పరిగెడతారు. అదే మొలలైతే బస్టాండు వెనకాల బెంగాలీవాడి దగ్గరికి పోయి సూది పొడిపించుకుంటారు. ఎంత చదివినా మనవాళ్ళ అజ్ఞానం పోదురా," అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. ఇద్దరు మాత్రం తల వంచుకుని విస్తట్లోకి చూశారు. వారిలో ఒకణ్ణి నేను. రెండో ఆయన ఎవరో చెప్పను.

బాబాయి మాటను అక్కడ నేను కాదనలేదు. కాదంటే ఎందుకు కాదంటున్నానో చెప్పవలసి వచ్చేది. తొమ్మిదేళ్ళపాటు ఆ బాధ పడి, మందుల షాపు క్రీముతో మొదలుపెట్టి, హోమియో మాత్రలు, పొట్లాల పొడి, పత్యాలు అన్నీ అయ్యాక ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి. బ్యాంకులో అధికారిగా పనిచేస్తున్నాను. కాగితాలు చదవడం వచ్చు. ఈ తొమ్మిదేళ్ళలో నేను చేసిన తప్పు ఎంపికల్లో తెలియక చేసినవి తక్కువే. చాలావాటిని తెలిసే చేశాను. ఏ మందు పనిచేస్తుందన్న ప్రశ్న నాకు మూడో నాలుగో స్థానంలో ఉండేది. దానికంటే ముందు వేరే ప్రశ్నలుండేవి: దీనికోసం ఎంతమందికి నోరు విప్పి చెప్పాలి, ఎవరి ముందు బట్ట విప్పాలి, ఎన్ని రోజులు ఎవరికీ కనిపించకుండా పోవాలి. ఈ లెక్క వేసుకుని చూస్తే, డాక్టర్లు అజ్ఞానమని కొట్టిపారేసే ఎంపికల్లో సగానికి సగం ఎంతో జాగ్రత్తగా ఆలోచించి చేసినవేనని తేలుతుంది. ఆ ఆలోచన వల్ల మంచి జరిగిందా అన్నది వేరే సంగతి, దానికీ వస్తాను.

వేడి అనే మర్యాదైన మాట

ఈ జబ్బుకు తెలుగులో పేర్లకు కొదవలేదు. మొలలు, మూలవ్యాధి, మూలశంక, అర్శస్సు, ఇప్పుడు పైల్స్. ఇన్ని పేర్లున్నా ఇళ్ళలో వాడేది వీటిలో ఏదీ కాదు. "వేడి చేసింది" అంటారు. ఆ మాటలో ఉన్న సౌకర్యం గమనించదగ్గది. వేడి ఎవరికైనా చేస్తుంది. మామిడిపళ్ళ కాలంలో చేస్తుంది, కోడికూర తింటే చేస్తుంది, రాత్రి మేలుకుంటే చేస్తుంది. అందులో మనిషి శరీరభాగం ఊసు లేదు. విన్నవారు కూడా "ఎక్కడ?" అని అడగరు, "సబ్జా గింజలు తాగు, బార్లీ కాచుకో, రెండు పూటలా మజ్జిగ పోసుకో" అని చెప్పి తమ పని తాము చూసుకుంటారు.

ఇవి పనికిరాని సలహాలని నేను అనను. నీళ్ళు, మజ్జిగ, పీచు ఉన్న తిండి ఈ జబ్బులో మొదటి చికిత్స అని ఏ సర్జన్ అయినా ఒప్పుకుంటారు. పీచు తీసుకోవడం గురించి జరిగిన ఏడు అధ్యయనాలను, మొత్తం 378 మంది రోగుల వివరాలను కలిపి పరిశీలించినప్పుడు, రక్తం పడడం దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది. వాత, కఫ సంబంధమైన అర్శస్సులకు మజ్జిగను మించిన మందు లేదని చరకసంహిత ఏనాడో చెప్పింది. చిక్కు ఎక్కడంటే, వేడి అన్న మాటతో మొదలైన రోగి వేడి తగ్గించే వైద్యంలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతాడు. ఆ మాట దాటి బయటికి రావాలంటే అసలు పేరు పలకాలి.

పేరు పలకడం ఎంత కష్టమో మా బ్రాంచిలో చూశాను. ఒక సహోద్యోగి పది రోజుల సెలవు పెట్టి మొలల ఆపరేషన్ చేయించుకుని, అందరికీ హెర్నియా అని చెప్పాడు. హెర్నియా గౌరవమైన జబ్బు. అదీ నడుము కింద విషయమే అయినా, బరువులెత్తే మగవాడికి వస్తుందన్న పేరుంది కాబట్టి దానిలో చిన్నతనం లేదు. చూడడానికి వెళ్ళిన మాలో ఒకాయన యాపిల్ పళ్ళ సంచి బల్లమీద పెట్టి, "కుట్లు ఎటువైపు?" అని అడిగాడు. అతను కుడివైపు అన్నాడు. కాసేపయ్యాక వాళ్ళావిడ కాఫీ తెచ్చి, మరో సందర్భంలో ఎడమవైపు అంది. ఎవరమూ ఏమీ అనలేదు. అతను కూర్చున్న కుర్చీలో మధ్యన గుండ్రంగా ఖాళీ ఉన్న రబ్బరు దిండు మాత్రం మా అందరికీ కనిపిస్తూనే ఉంది.

స్టెంట్ వేయించుకున్నవారు ఎన్ని వేశారో, ఒక్కోటి ఎంతైందో తామే చెప్పుకుంటారు. మోకాలి చిప్ప మార్చుకున్నవారు నడిచి చూపిస్తారు. కాబట్టి అవయవానికి పరువు ఉంటుందన్నమాట, దాన్నిబట్టే వైద్యానికీ పరువు. పరువు మనిషినిబట్టి మారడమూ ఉంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి 1686 నవంబరు 18న భగందరానికి (మలద్వారం పక్కన పుండు పడి చీము కారే ఫిస్టులాకు) శస్త్రచికిత్స జరిగి నయమైనప్పుడు, రాజుగారికి చేసిన కోతే తమకూ చేయమని సర్జన్ల వెంటపడ్డవారు ఆ కొలువులో ఉన్నారట. జబ్బు లేనివారు కూడా. మనకు అటువంటి రాజు ఇంకా దొరకలేదు.

మా ఇంటి కంద

ఆపరేషన్ అయ్యాక నేను విషయం చెప్పిన వారు ఇద్దరే, నా భార్య కాక. ఒకరు మా అమ్మ. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు, కోనసీమలో నాన్నగారితో ఉంటుంది. ఫోన్‌లో చెప్పలేక, ఊరు వెళ్ళినప్పుడు వెనక వసారాలో చెప్పాను. ఆమె కంద చెక్కు తీస్తోంది. చేతులకు దురద పెట్టకుండా నూనె రాసుకుని, ముక్కలు చింతపండు నీళ్ళలో వేస్తోంది. నేను చెప్పింది విని, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే, "నాకూ ఉండేవిరా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మొదలయ్యాయి," అంది.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. అంటే నలభై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గర్భిణులకు, కాన్పు అయినవారికి ఈ బాధ సాధారణంగా వస్తుందని ఆమెకు అప్పట్లో చెప్పినవారు లేరు. "మరి ఏం చేశావు?" అన్నాను. ఆమె చెక్కు తీస్తున్న కందను చూపించింది.

మా చిన్నప్పుడు ఇంట్లో వారానికి రెండుసార్లు కంద వండేవారు. ఆవ పెట్టి కంద బచ్చలి, లేకపోతే కంద వేపుడు, పులుసు. ఇంత కంద ఎందుకే అని నాన్నగారు విసుక్కునేవారు. అమ్మకు ఇష్టం అనుకున్నాం. కందకు సంస్కృతంలో అర్శోఘ్నమని, అంటే అర్శస్సును చంపేదని పేరుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమెకు ఆ పేరు తెలియదు, వాళ్ళ అమ్మమ్మ చెప్పిన సంగతి మాత్రం తెలుసు. రక్తం ఎక్కువగా పడినప్పుడు పాత చీర గుడ్డలు వాడుకుని, వాటిని నెలసరి గుడ్డలతో కలిపి ఉతుక్కునేదట. ఎవరికైనా కనిపించినా అనుమానం రాదని. ముట్లుడిగిన తర్వాత ఆ చాటు కూడా పోయిందని ఆమె చెప్పినప్పుడు నేను ఎటు చూడాలో తెలియక నూతివైపు చూశాను.

అమ్మ చేసిన ఎంపికను అజ్ఞానమంటే నేను ఒప్పుకోను. ఆమె ఎదుట ఉన్న మార్గాలు చూడండి. ఊళ్ళో ఉన్న ఆర్ఎంపీ నాన్నగారితో పేకాడే మనిషి. పట్నంలో సర్జన్ మగవాడు. అక్కడికి వెళ్ళాలంటే డబ్బు అడగాలి, తోడు అడగాలి, అత్తగారికి కారణం చెప్పాలి. వంటింట్లో కందకు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో అందరిచేతా తన మందు తినిపిస్తూ, రోగినని ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చింది. అది ఎంతవరకు పనిచేసిందో నేను చెప్పలేను. ఆమె నెత్తురు లేక పాలిపోయి ఉండేదన్నది నిజం. మేము దాన్ని ఆమె రంగు అనుకున్నాం.

తలుపులు, కిటికీలు, కర్టెన్లు

నేను మొదటిసారి పెద్ద ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రిసెప్షన్‌లో అమ్మాయి, "ప్రాబ్లం ఏంటి సార్?" అని అడిగింది. జనరల్ సర్జరీ అన్నాను. "దేనికి సార్?" అంది, ఇంకాస్త గట్టిగా, ఎందుకంటే మధ్యన అద్దం ఉంది. నా వెనక అయిదుగురు వరుసలో ఉన్నారు. కడుపునొప్పి అని చెప్పి ఓపీ చీటీ తీసుకున్నాను. దానివల్ల నన్ను గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మూడు నిమిషాలు మాట్లాడి, నేను నసిగితే పట్టించుకోక, గ్యాస్ మాత్రలు రాశారు. ఆరువందల రూపాయలు కట్టి, అసలు జబ్బు చెప్పకుండానే ఇంటికి వచ్చాను. నవ్వుకోండి, కాని ఇది నేనొక్కణ్ణే చేసిన పని కాదని మాత్రం చెప్పగలను.

తర్వాత ఆపరేషన్‌కు చేరేనాటికి లెక్క కట్టాను. రిసెప్షన్ అమ్మాయి, బీపీ చూసిన నర్సు, చరిత్ర రాసుకున్న కుర్ర డాక్టరు, సర్జన్, ఇన్సూరెన్సు డెస్కులో కుర్రాడు, మత్తు డాక్టరు, షేవింగుకు వచ్చిన వార్డు బాయ్. ఇది ఆసుపత్రి లోపల. బయట, సెలవు చీటీకి జతచేసిన మెడికల్ సర్టిఫికెట్ ఎవరెవరి చేతుల్లోంచి పోతుందో వారందరూ. ఆ కాగితంమీద జబ్బు పేరు పెద్దక్షరాలలో ఉంటుంది.

బస్టాండు వెనక ఉన్న గది ఇందుకు పూర్తిగా విరుద్ధం. అంతకు రెండేళ్ళ ముందు అక్కడికీ వెళ్ళాను. ఆకుపచ్చ కర్టెను, ఒక బల్ల, గోడకు దేవుడి పటం. లోపలికి వెళ్ళగానే అతను నా పేరు అడగలేదు. "ఎన్నాళ్ళ నుంచి? రక్తమా, నొప్పా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. అంతే. బోర్డుమీద జబ్బు పేరు రాసి ఉంది కాబట్టి, నేను చెప్పవలసింది ఏమీ మిగలలేదు. బోర్డే నా తరఫున చెప్పేసింది. సూది మాట ఎత్తితే వద్దన్నాను. పదిహేను పొట్లాల పొడి ఇచ్చాడు. ఏమి కలిసిందో ఎవరికీ తెలియని ఆ పొడిని, అప్పుల దరఖాస్తుల్లో ప్రతి సంతకాన్నీ రెండుసార్లు చూసే నేను, పదిహేను రోజులు మజ్జిగలో కలుపుకుని తాగాను.

అతని అసలు అర్హత ఏమిటో తెలుసా? మన ఊరివాడు కాకపోవడం. వైద్యం నేర్చుకున్నాడో లేదో మనకు తెలియదు, కాని మన అత్తగారి అన్నయ్యను ఎరగడని మాత్రం తెలుసు. రేపు పెళ్ళిలో ఎదురుపడడు. పిల్లల స్కూలు దగ్గర పలకరించడు. ఊళ్ళో డాక్టరు ఎంత మంచివాడైనా ఆయన మనకు తెలిసినవాడు. ఈ జబ్బులో తెలిసినవాడు కావడమే అనర్హత. మా బంధువుల్లో ఒక్కరూ మొలలకని మా బాబాయి దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం, ఆయన బాబాయి కావడమే. పెళ్ళి పంక్తిలో ఆయన వేసిన ఛలోక్తి తర్వాత ఇక ముందు కూడా ఎవరూ వెళ్ళరు.

గోడమీది కాగితం, ఫోన్‌లో ప్రకటన

ఇదంతా చదువులేనివారి సంగతి అనుకునేవారికి ఒక మాట. "కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు, ఒక్క రోజులో ఇంటికి" అన్న నాలుగు ముక్కలూ ఆర్టీసీ బస్టాండు మరుగుదొడ్డి గోడమీద అంటించిన కాగితంలో చదివాను. సరిగ్గా అవే ముక్కలు, అదే వరుసలో, నా ఫోన్‌లో లేజర్ ప్రకటనలోనూ చదివాను. మొదటిదాన్ని నమ్మినవాడు మూఢుడు, రెండోదాన్ని నమ్మినవాడు విద్యావంతుడు. ఇద్దరికీ అమ్ముతున్నది మాత్రం ఒకటే సరుకు: ఎవరికీ తెలియకుండా తెమిలిపోతుందన్న హామీ.

మా అపార్ట్‌మెంటులో ఒకావిడ తన కూతురికి ఇలాంటి బాధ ఉందని నా భార్యతో గుసగుసగా చెప్పి సలహా అడిగింది. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఆవిడ సందేహాలు రెండే: మచ్చ కనిపిస్తుందా, ఇన్సూరెన్సు కాగితాల్లో జబ్బు పేరు పడుతుందా. చివరికి క్లెయిము పెట్టకుండా, చేతి డబ్బు కట్టి, ఊరికి అవతలివైపున్న సెంటర్‌లో లేజర్ చేయించారు. పాలసీకి ఏటా ప్రీమియం కడుతూనే ఉన్నారు. ఆ అమ్మాయికి ఉన్నది మొదటి దశేనని, మందులతో పోయేదని ఆ తర్వాత వేరే డాక్టరు అన్నారట. అదెంతవరకు నిజమో నేను తీర్పు చెప్పలేను. కాని ఆ ఇంట్లో దశ గురించి ఎవరూ అడగలేదన్నది నిజం. అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

లేజర్ మోసమని నేను అనడం లేదు. సరైన దశలో, సరైన చేతుల్లో అది పనికొచ్చే పద్ధతే. ఖరీదైన కొత్త పద్ధతి అంటే మెరుగైన పద్ధతి అన్న నమ్మకం గురించే నా పేచీ. 1998లో ఇటలీకి చెందిన సర్జన్ లొంగో ప్రచారంలోకి తెచ్చిన స్టేప్లర్ పద్ధతిని, పాత కోత పద్ధతితో పోల్చి బ్రిటన్‌లో 32 ఆసుపత్రుల్లో 777 మందిపై పరీక్షించారు. మొదట్లో నొప్పి తక్కువే అయినా, రెండేళ్ళు గడిచాక చూస్తే పాత పద్ధతే మేలని, ఖర్చు కూడా తక్కువని 2016లో ప్రకటించారు. ఆ పాత పద్ధతికి 1937 నాటి మిలిగన్, మోర్గన్ అనే ఇద్దరు సర్జన్ల పేర్లున్నాయి. నాకు చేసినదీ అదే.

ఇక రెండు ప్రకటనల్లోనూ కనిపించనిది ఒకటుంది. మొల మొదలు దగ్గర రబ్బరు బ్యాండు వేసే పద్ధతి. నొప్పి తెలిసే నరాలు లేని పైభాగంలో చిన్న రింగు బిగిస్తారు. రక్తప్రసారం ఆగి వారం పదిరోజుల్లో అది ఎండి రాలిపోతుంది. మత్తు అక్కర్లేదు, మంచం అక్కర్లేదు, ఓపీలో కొద్ది నిమిషాల పని. మొదటి, రెండో దశల్లోనూ, మూడో దశలో కొందరికీ ఇది సరిపోతుంది. అమెరికాలో బారన్ అనే సర్జన్ 1963లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, అంటే అరవై ఏళ్ళు దాటింది. కోత లేదు, కుట్టు లేదు, ఆ రోజే ఇల్లు. గోడమీది నాలుగు హామీల్లో చాలామటుకు నిజంగా తీర్చేది ఇదే. అయినా దీనికి హోర్డింగు పెట్టిన ఆసుపత్రిని నేను ఇంతవరకు చూడలేదు. చవక కాబట్టి దాన్ని అమ్మేవాడు లేడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఔషధ నియమాలలో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. తమ మందు నయం చేస్తుందని ఎవరూ చెప్పుకోకూడని 51 జబ్బులు అందులో ఉన్నాయి. మొలలు, భగందరం ఆ పట్టికలో కలిపి ఒకచోటే ఉన్నాయి. నేను తాగిన పొట్లంమీద "గ్యారంటీ" అని రెండుచోట్ల అచ్చయి ఉంది.

తొట్టి ఎక్కడ పెట్టాలి

ఏ వైద్యం చేయించుకున్నా, రోజుకు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చోమంటారు. ఇది తేలికైన సలహాలా వినిపిస్తుంది. మా ఇంటికి టైల్స్ వేసిన మేస్త్రికి ఇదే చెప్పారట. అతను ఉండేది రెండు గదుల పోర్షను. మూడు కుటుంబాలకు ఒకటే స్నానాలగది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు దాని ముందు బకెట్ల వరుస ఉంటుంది. "పావుగంట లోపల కూర్చుంటే తలుపు బాదుతారు సార్. ఏం చేస్తున్నావని అడిగితే ఏం చెప్పను?" అన్నాడు. రెండు వారాలు పని మానమన్నారు, అతని పని గొంతుక్కూర్చుని చేసేది. మానితే కూలి లేదు. అతను సూది వేయించుకుని మధ్యాహ్నానికల్లా పనిలోకి వచ్చేశాడు. బ్యాండు పద్ధతి గురించి అతనికి చెప్పినవారు లేరు. ప్రభుత్వాసుపత్రిలో దొరకవచ్చునేమో అని నేనన్నాను. అక్కడ ఓపీకి ఒక రోజు, పరీక్షకు ఒక రోజు, చేసేది మరో రోజు, మూడు కూలీలు పోతాయన్నాడు. అతని లెక్కలో నాకు తప్పు కనిపించలేదు.

ఆడవారి విషయంలో చాలామంది మొదట వెళ్ళేది లేడీ డాక్టరు దగ్గరికి, అంటే కాన్పుల డాక్టరు దగ్గరికి. ఆవిడకు చెప్పడం సులువు, ఎందుకంటే ఆవిడ అప్పటికే అంతా చూసింది. ఆవిడ క్రీము, విరేచనం మెత్తబడే మందు రాసి, తగ్గకపోతే సర్జన్‌కు చూపించమంటుంది. ఆ మాట దగ్గర చాలామంది ప్రయాణం ఆగిపోతుంది. మన జిల్లా పట్టణాల్లో ఆడ సర్జన్ ఎక్కడున్నారో చెప్పమంటే నేను వేళ్ళమీద లెక్కపెట్టేంతమందిని కూడా చూపించలేను.

నా వాదనలో నాకే కనిపించే లొసుగులు

ఇంతవరకు రాసింది చదివి, నాటువైద్యులను వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అంటే తప్పు పట్టను. మా వీధిలో ఒక టైలరు రక్తం పడుతోందని పద్నాలుగు నెలలు పొట్లాలు వాడాడు. అది మొలల రక్తం కాదు. పెద్దపేగు చివర క్యాన్సరని తెలిసేనాటికి ఆలస్యమైంది. ఏ లక్షణమైనా మొలలే అనుకోవడం, చూడకుండా మందివ్వడం ఎంత ప్రమాదమో ఆ ఇంటిముందు నుంచి వెళ్ళినప్పుడల్లా గుర్తొస్తుంది. లెక్క తెలివైనదైనంత మాత్రాన ఫలితం మంచిది కానక్కరలేదు. నేను చెప్పేది, ఆ లెక్క ఉందని గుర్తించకుండా "అవగాహన కల్పించాలి" అంటూ కరపత్రాలు పంచితే ఏమీ మారదని మాత్రమే. టైలరు కరపత్రం చదవగలిగినవాడే.

రెండో అభ్యంతరం ఆయుర్వేదాన్ని నమ్మేవారి నుంచి వస్తుంది, అది న్యాయమైనదే. అందరూ సిగ్గుతోనే అటు వెళ్ళరు, నమ్మకంతో వెళ్ళేవారున్నారు. సుశ్రుతుడు ఈ జబ్బుకు మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు మార్గాలు చెప్పాడు. అంటే ఆయుర్వేదం కత్తికి భయపడేవారి ఆశ్రయం కాదు, అందులోనూ కత్తి ఉంది. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారంతో చేసే క్షారసూత్ర చికిత్సను భగందరం విషయంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారే అనేక కేంద్రాల్లో పరీక్షించి ఉపయోగకరమని 1991లో ప్రకటించారు. కాని బస్టాండు గదిలో ఉన్నది ఆయుర్వేదం కాదు. 2020 నవంబరులో ఆయుర్వేదంలో శల్యం (శస్త్రచికిత్స), శాలక్యం (కన్ను, చెవి, ముక్కు, గొంతు) పీజీ చదివేవారికి 58 రకాల శస్త్రచికిత్సలు అనుమతిస్తూ నోటిఫికేషన్ వచ్చినప్పుడు, డిసెంబరు 11న భారత వైద్య సంఘం (ఐఎంఏ) డాక్టర్లు ఓపీలు ఆపి నిరసన తెలిపారు. ఆ గొడవలో రెండు పక్షాలూ చదువుకున్న వైద్యులే. రెండు పక్షాల దగ్గరికీ వెళ్ళని రోగి గురించి అప్పుడు ఎవరూ మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

మూడోది భయం. ఇది సిగ్గు కాదు, సిగ్గులో కలిపేయకూడదు. పాత పద్ధతి ఆపరేషన్ తర్వాత మూడో రోజు ఉదయం నేను బాత్రూములో గోడకున్న కొళాయిని పట్టుకుని నిలబడిన అరగంట నాకు జ్ఞాపకం ఉంది. గాజుపెంకుల మీద కూర్చున్నట్టు ఉంటుందని మా మేనమామ ముప్పై ఏళ్ళ కిందట ఎవరితోనో అనగా చిన్నప్పుడు విన్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆపరేషన్ అంటే జనం భయపడేది మూఢత్వంతో కాదు, అనుభవం ఉన్నవారి నోటినుంచి విని. "చేయించుకున్నా మళ్ళీ వస్తాయి" అన్న మాటా ఉత్తదేం కాదు. బ్యాండు వేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ఏడాది లోపల మళ్ళీ బాధ కనిపించిందని బ్రిటన్‌లో 372 మందిపై చేసిన మరో అధ్యయనం చెప్పింది. రెండోసారి బ్యాండు వేయడాన్ని వైద్యంలో భాగంగానే లెక్కిస్తే, దానితో పోల్చిన ఖరీదైన ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా లేదని కూడా చెప్పింది. మన దగ్గర ఈ రెండో సగం చెప్పేవారు లేరు. రోగికి ముందే చెప్పి ఉంటే అది రెండో విడత వైద్యం అవుతుంది. చెప్పకపోతే మోసం అవుతుంది.

ఇది మన దేశపు వింత అనుకోవడం కూడా తప్పే. 1871లో అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలో మిచెల్ అనే వైద్యుడు ఆలివ్ నూనెలో కార్బాలిక్ ఆమ్లం కలిపి మొలల్లోకి సూది వేయడం మొదలుపెట్టి, ఆ రహస్యాన్ని ఊరూరా తిరిగే వైద్యులకు అమ్ముకున్నాడు. వాళ్ళు ఊరికి కొత్తవాళ్ళుగా వచ్చి, సూదులు వేసి, వెళ్ళిపోయేవారు. షికాగో సర్జన్ ఆండ్రూస్ ఆ గుట్టు బయటపెట్టి, వేలకొద్దీ రోగుల వివరాలు పోగుచేసి మంచిచెడ్డలు తేల్చాడు. అప్పుడు ఆ పద్ధతిలో పనికొచ్చే భాగం ఆసుపత్రుల్లోకి వచ్చింది. నేటికీ చదువుకున్న సర్జన్లు ఫినాల్ (అదే కార్బాలిక్ ఆమ్లం) సూది వేస్తున్నారు. ఆండ్రూస్ ఆ రోగులను వెక్కిరించి ఊరుకోలేదు, వారికి ఏమైందో అడిగి రాసుకున్నాడు. మా బాబాయి దగ్గర నేను ఆశించినది ఇంతే.

పెళ్ళినుంచి వచ్చాక ఆయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నాకు ఆపరేషన్ అయిన విషయం కూడా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా దగ్గరికి ఎందుకు రాలేదురా?" అని అడిగారు. ఆయన గొంతులో నొచ్చుకోవడమే ఉంది, కోపం లేదు. ఏం చెప్పాలో తెలియక, ఆ రోజు పంక్తిలో తల వంచుకున్నది ఇద్దరమని మాత్రం చెప్పాను. రెండో వాడెవడని ఆయన అడిగారు. చెప్పలేదు.

అమ్మకు మా ఊళ్ళోనే ఇప్పుడు మందులు వాడుతున్నారు. నా భార్య తీసుకెళ్ళి అమలాపురంలో చూపించింది, రక్తపరీక్ష చేయించింది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులకని చెప్పారు. ఆదివారం ఆదివారం అమ్మ ఫోన్ చేస్తుంది. యోగక్షేమాలు అయ్యాక, "అక్కడ కంద బాగా దొరుకుతోందా?" అని అడుగుతుంది. దొరుకుతోందమ్మా, బాగానే ఉంది అంటాను. నాన్నగారు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారని నాకు అర్థమవుతుంది.